గోదారి దాటితే ఆట మారుద్దా?

కొవ్వూరు అంటే చాలామందికి రైలు కిటికీలోంచి కనిపించే ఒక పసుపు బోర్డు. విజయవాడ వైపు నుంచి వస్తుంటే ఆ బోర్డు దాటగానే బండి చప్పుడు మారిపోతుంది, అందరూ కిటికీల వైపు జరుగుతారు, చిల్లర నాణేలు నీళ్ళలో పడతాయి. ఫోన్లు బయటికొస్తాయి. ఫొటోలన్నీ గోదారివి, దిగేదేమో రాజమండ్రిలో. చాలా ఎక్స్‌ప్రెస్‌లు కొవ్వూరులో ఆగనే ఆగవు.

అందుకే ఈసారి పనిగట్టుకుని కొవ్వూరుకే వెళ్ళాను. ఫ్రెండ్ వాళ్ళ ఊరు. మూడు రోజులు సెలవు. గట్టు మీద తిరగడం, టీ తాగడం, ల్యాప్‌టాప్ తెరవకపోవడం... ప్లాన్ అంతే. కానీ రెండో రోజు సాయంత్రానికే ఒక కబడ్డీ కుర్రాడి భవిష్యత్తు మీద పెద్ద చర్చలో ఇరుక్కున్నాను. ఆ చర్చ కొవ్వూరులో మొదలై పంజాబ్ మీదుగా అమెరికా దాకా వెళ్ళింది.

ఊరే ట్రాన్స్‌ఫర్ అయింది

ముందు ఊరి సంగతి. కొవ్వూరు గోదావరి కుడి గట్టు మీద ఉంది, ఎదురుగా రాజమండ్రి. రెండింటి మధ్యా నాలుగు వంతెనలు. 1900లో రైళ్ళు మొదలైన హేవ్‌లాక్ వంతెన 1997లో రిటైరైంది. దాని బాధ్యత తీసుకున్నది విల్లుల్లాంటి తోరణాలతో ఉండే ఆర్చ్ బ్రిడ్జి. రాజమండ్రి పేరుతో ఇన్‌స్టాలో కనిపించేది ఎక్కువగా ఇదే. కింద రైలు, పైన బస్సు వెళ్ళే రోడ్ కం రైల్ బ్రిడ్జి 1974 నాటిది. నాలుగోది 2015లో తెరిచారు, జనం గామన్ బ్రిడ్జి అంటారు.

గట్టు మీద గోష్పాద క్షేత్రం ఉంది. 2015 పుష్కరాలకి ఇక్కడ కాలు పెట్టడానికి చోటు లేదని మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు చెప్పారు. మళ్ళీ 2027లో పుష్కరాలు. మామూలు రోజుల్లో మాత్రం సాయంత్రం నాలుగున్నర తర్వాత అక్కడి మెట్ల మీద కూర్చుంటే గంటసేపు ఎవరూ కదిలించరు. ఊళ్ళో సంస్కృతం చెప్పే ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం కూడా ఉంది. పాత తరం పండితులు కొవ్వూరు పేరు వింటే ముందు దాన్నే తలుచుకుంటారు.

ఇంకో విశేషం. 2022 ఏప్రిల్ దాకా కొవ్వూరు పశ్చిమ గోదావరి జిల్లా. కొత్త జిల్లాలు వచ్చాక తూర్పు గోదావరి. గోదారికి పడమట ఉంటూనే ‘తూర్పు’ అయిపోయింది. ఒక్క ఇల్లు కదలకుండా ఊరు ఊరంతా ట్రాన్స్‌ఫర్ అయిందన్నమాట.

ఈ జోక్ నాది కాదు, కాలేజీ గ్రౌండ్‌లో కలిసిన పీడీ గారిది. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్, పిల్లలందరికీ ‘మాస్టారు’. "మా పిల్లలకి ఇదో తలనొప్పండి. కలెక్టరాఫీసేమో తూర్పు. సెలక్షన్స్ పేపర్లో పడితే ఇంకా ఉమ్మడి పశ్చిమ గోదావరి జట్టనే వత్తాది. మేము ఏ ఏపు మనుషులమో మాకే తెలవట్లేదు, ఆయ్!" అని నవ్వారు.

మట్టి కోర్టు, వాట్సాప్ పీడీఎఫ్

గ్రౌండ్‌లో పదిహేను మంది దాకా కుర్రాళ్ళు. సున్నం గీతలు గీసిన మట్టి కోర్టు. టీవీలో మనం చూసే కబడ్డీకి మ్యాట్, బూట్లు, లైట్లు. ఇక్కడ చెప్పుల కుప్ప, రెండు నీళ్ళ క్యాన్లు, ఒక విజిల్.

వాళ్ళలో ఒక రైడర్ మీద కళ్ళు ఆగిపోయాయి. సన్నగా ఉన్నాడు. బోనస్ లైన్ మీదకి కాలు ఎప్పుడు వెళ్ళి ఎప్పుడు వెనక్కి వచ్చిందో తెలీడం లేదు. 19 ఏళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. పేరు రాయొద్దన్నాడు. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఆట అయ్యాక వాళ్ళ నాన్న వచ్చారు. ఆటో నడుపుతారు. నన్ను మా ఫ్రెండ్ పరిచయం చేయగానే జేబులోంచి ఫోన్ తీశారు. "బాబూ, మీరు కంప్యూటర్ ఉద్యోగం చేత్తారంట కదండీ. మావోడికి ఈ కాయితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఓసారి సూసి సెప్పండి."

ఉత్తరాదిన ఉన్న ఒక పెద్ద ప్రైవేటు యూనివర్సిటీ నుంచి వచ్చిన పీడీఎఫ్ అది. మా దగ్గర చేరితే ట్యూషన్ ఫీజు లేదు, హాస్టల్ ఫ్రీ, మెస్ ఫ్రీ, కిట్ ఇస్తాం, మ్యాట్ మీద ప్రాక్టీస్, డైట్ చూసే మనిషి, ఫిజియో. కుర్రాడి కళ్ళు మెరుస్తున్నాయి. వాళ్ళ నాన్న కళ్ళలో భయం. మాస్టారు ఏటి వైపు చూస్తున్నారు.

నాలుగో పేరాలో ఒక చిన్న వాక్యం ఉంది: ఈ సదుపాయాలు ఏడాదికోసారి, ఆటలో ప్రదర్శనను బట్టి కొనసాగుతాయి.

ఆఫర్ లెటర్లు చదవడం మా తరం ఇంజినీర్లకి వచ్చిన ఒకే ఒక్క సాహిత్య విమర్శ. ఆ వాక్యం దగ్గర ఆగాను. "బాగా ఆడకపోతే రెండో ఏడాది ఫీజు కట్టాల్సి రావచ్చండి" అన్నాను. "దెబ్బ తగిలితేనో?" అని అడిగారాయన. ఆ సంగతి లెటర్‌లో ఎక్కడా లేదు.

పాంప్లెట్‌లో ట్రాన్స్‌ఫర్ రూల్

డబ్బుకి ఆడటం ఇక్కడి కుర్రాళ్ళకి కొత్తేం కాదు. సంక్రాంతికి గోదావరి జిల్లాలంటే కోడిపందాలే మనకి గుర్తొస్తాయి గానీ, అదే పండక్కి ఊరూరా కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు కూడా జరుగుతాయి. ఎవరో ఒక పెద్దాయన పేరు మీద స్మారక పోటీలు. మైకు, ఫ్లెక్సీ, నగదు బహుమతి.

ఆ టోర్నీల పాంప్లెట్లు ఎప్పుడైనా చదివారా? అడుగున చిన్న అక్షరాల్లో నియమాలుంటాయి. ‘ఆటగాళ్ళందరూ ఒకే గ్రామానికి చెందినవారై ఉండాలి. ఆధార్ కార్డు తప్పనిసరి.’ కొన్నిట్లో ‘ఇద్దరు బయటి ఆటగాళ్ళకు అనుమతి’ అని కూడా ఉంటుంది. ప్రపంచంలోని పెద్ద పెద్ద లీగులన్నీ కోర్టుల్లో కొట్టుకుంటున్న ట్రాన్స్‌ఫర్ గొడవ మొత్తం ఈ రెండు లైన్లలో ఉంది. ఎవడు ఏ జట్టుకి ఆడొచ్చు? ఎంతమంది బయటివాళ్ళని తెచ్చుకోవచ్చు?

"ఆధార్ రూలు ఎందుకంటే, డబ్బున్న ఊరోళ్ళు మొత్తం టీమునే దింపేసేవోళ్ళన్నయ్యా" అన్నాడు ఆ కుర్రాడు. "సొంతూరి కుర్రోళ్ళు గట్టు మీద కూర్చుని చూసేవోళ్ళు. కానీ ఆ బయటోళ్ళలో నేనూ ఉన్నాను మరి. ఛార్జీలు, భోజనం, చేతిలో కొంత. దాంతోనే బూట్లు కొనుక్కున్నా."

బయటివాడిని తేవడం వల్ల సొంతూరి వాడికి చోటు పోతుంది. బయటివాడిని ఆపితే, పేదింటి మంచి ఆటగాడికి వచ్చే నాలుగు డబ్బులు పోతాయి. రెండూ నిజమే. ఈ కుర్రాడు ఆ రెండు వైపులా నిలబడి చూశాడు.

జీతం లేదు, ఫారం ఉంది

ఇక కాలేజీ ఆట సంగతి. కొవ్వూరు చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలు రాజమండ్రిలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందకి వస్తాయి. కాలేజీకి బాగా ఆడితే యూనివర్సిటీ జట్టు, అక్కడి నుంచి సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. ఆడినందుకు జీతం లేదు. మరి ఎందుకు ఆడతారు?

ఫారం కోసం. స్పోర్ట్స్ కోటాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి అప్లై చేసేవాళ్ళని అడగండి, గడగడా చెప్పేస్తారు. అంతర్జాతీయ పోటీలకి ఫారం-1, జాతీయ పోటీలకి ఫారం-2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం-4. మన దేశంలో కాలేజీ ఆటగాడికి ఇచ్చే జీతం ఈ కాగితమే. అది చేతికొచ్చేది ఇవాళ, నగదయ్యేది ఐదారేళ్ళ తర్వాత. అది కూడా అదృష్టం ఉంటే.

ఆ అదృష్టం పట్టినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. పీవీ సింధు అమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు, ఇద్దరికీ రైల్వే ఉద్యోగాలు. వాళ్ళ నాన్న పీవీ రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. ఒక తరానికి ఆట ఇచ్చిన నెల జీతం, తర్వాతి తరానికి ఒలింపిక్ పతకాలుగా వచ్చింది.

రాష్ట్రంలో కూడా కాగితం విలువ పెరుగుతోంది. 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో 421 టీచర్ పోస్టులు ఈ కోటాకి కేటాయించారు. ఒలింపిక్ స్వర్ణానికి ప్రోత్సాహకం 75 లక్షల నుంచి 7 కోట్లకి వెళ్ళింది. బాగుంది. కానీ 7 కోట్లు పతకం వచ్చాక ఇచ్చేవి. 19 ఏళ్ళ కుర్రాడికి కావాల్సింది రోజుకి నాలుగు గుడ్లు, ఒక ఫిజియో. ఖేలో ఇండియాకి ఎంపికైతే నెలకి 10,000 రూపాయలు చేతి ఖర్చులకి ఇస్తారు. ఎంపిక కాని వాళ్ళు ఎందరో లెక్కేసుకోండి.

పంజాబ్ నుంచి ఫోన్ ఎందుకు వస్తుంది?

కొవ్వూరు మట్టి కోర్టులో ఆడేవాడి మీద అంత దూరం యూనివర్సిటీకి ప్రేమ ఎందుకు? సమాధానం మాకా ట్రోఫీ. మౌలానా అబుల్ కలాం ఆజాద్ పేరు మీద, క్రీడల్లో మొత్తంగా ముందున్న యూనివర్సిటీకి రాష్ట్రపతి చేతుల మీదుగా ఇచ్చే ట్రోఫీ. జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో తమ విద్యార్థులు సాధించిన ఫలితాలను బట్టి పాయింట్లు. దశాబ్దాల పాటు దీన్ని ఎక్కువసార్లు ఎత్తుకెళ్ళింది అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ యూనివర్సిటీ. 2024 ట్రోఫీ చండీగఢ్ యూనివర్సిటీకి వచ్చింది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ దాన్ని గెలవడం అదే మొదటిసారి. రెండో స్థానం కూడా ప్రైవేటుదే, లవ్లీ ప్రొఫెషనల్ యూనివర్సిటీ.

పతకం వస్తే పాయింటు, పాయింట్లు వస్తే ట్రోఫీ, ట్రోఫీ వస్తే అడ్మిషన్ల సీజన్‌లో హోర్డింగ్. ఆటగాడికి ఇచ్చే ఫ్రీ సీటు అంటే ఒకరకంగా ప్రకటన ఖర్చు. ఇందులో తప్పు పట్టేదేం లేదు. ఎవరో ఒకరు పిల్లలకి మ్యాట్ వేస్తున్నారు కదా! కానీ హోర్డింగ్ మీద మొహం ఉన్నన్నాళ్ళే ఆ ఖర్చు పెడతారన్నది మర్చిపోకూడదు.

కదలడం వల్ల బాగుపడ్డ వాళ్ళకీ కొదవలేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజినే చూడండి. హైదరాబాద్, గుంటూరు, ఆ తర్వాత భువనేశ్వర్‌లోని రిలయన్స్ ఫౌండేషన్ కేంద్రం... మంచి కోచ్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళింది. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్ 12.78 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చింది. ఆమె ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థిని. ఇక్కడ ఒక చిత్రం గమనించండి. పేరు మన యూనివర్సిటీది, ఖర్చూ శిక్షణా వేరే రాష్ట్రంలో. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ కూడా 2014లో గోదావరి దాటి హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి వెళ్ళాకే ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

అమెరికాలో ఏం జరిగిందంటే

ఈ కథ మొత్తం పెద్ద తెర మీద చూడాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మన ఐపీఎల్ రేంజి. స్టేడియాలు నిండుతాయి, కోచ్‌లకి కోట్ల డాలర్ల జీతాలు. ఆటగాళ్ళకి మాత్రం ఏళ్ళ తరబడి స్కాలర్‌షిప్ తప్ప పైసా లేదు. తీసుకుంటే వేటు. కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలి.

2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. జాబ్ పోర్టల్‌లో ప్రొఫైల్ పెట్టినట్టు పేరు పెడితే వేరే కాలేజీ కోచ్‌లు సంప్రదించవచ్చు. 2021 జూలై 1 నుంచి పేరు, ఫొటో, గుర్తింపు వాడుకుని ప్రకటనల్లో సంపాదించుకోవచ్చన్నారు. అదే ఎన్‌ఐఎల్. అదే ఏడాది ఒకసారి కాలేజీ మారినా వెంటనే ఆడొచ్చన్నారు. 2024 ఏప్రిల్‌కల్లా, చదువు సరిగ్గా సాగుతుంటే ఎన్నిసార్లైనా మారొచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఒక పెద్ద ఒప్పందాన్ని ఆమోదించింది. దాంతో కాలేజీలే నేరుగా ఆటగాళ్ళకి డబ్బివ్వడం మొదలైంది. ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పాత ఆటగాళ్ళకి బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు.

సూపర్ కదా? కానీ రెండో వైపు కూడా ఉంది. కోచ్‌లు హైస్కూల్ పిల్లల్ని తయారు చేసుకునే బదులు పోర్టల్‌లోంచి రెడీమేడ్ ఆటగాడిని తెచ్చుకుంటున్నారు. ఫ్రెషర్ కంటే లేటరల్ హైర్ మేలన్నట్టు. పోర్టల్‌లో పేరు పెట్టి, పాత కాలేజీ వదులుకుని, కొత్తది దొరక్క మధ్యలో మిగిలిపోయేవాళ్ళూ ఉన్నారు. డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోతుంటే, టెన్నిస్, ఈత లాంటి ఆటల వాళ్ళు మా జట్టు ఉంటుందో ఉండదో అని బెంగపడుతున్నారు.

మనవాళ్ళకి ఇంకో చిక్కు, ఎఫ్-1 వీసా. ఉయ్యూరులో పుట్టి విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి టెన్నిస్ ఆడాడు, తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి స్వర్ణం తెచ్చాడు. అతని రోజుల్లో ఎన్‌ఐఎల్ లేదు. ఇప్పుడు ఉన్నా, ఎఫ్-1 మీద వెళ్ళిన విద్యార్థికి బయట సంపాదించడం మీద ఆంక్షలు. పక్క లాకర్ వాడు బ్రాండ్ డీల్ చేస్తుంటే, మనవాడు వీసా పోతుందేమో అని ఆగాలి. ఓపీటీ, సీపీటీ అని మనం తలలు పట్టుకునే గొడవే ఆటగాళ్ళకీ ఉందన్నమాట.

ఎన్‌ఓసీ అంటే రిలీవింగ్ లెటరే

మళ్ళీ మన దగ్గరికి వద్దాం. గ్రౌండ్‌లో టీ తాగుతూ మాస్టారు ఒక మాటన్నారు. "ఆడు ఎల్లిపోతే నాకు బాధే. కానీ ఆపితే పాపం."

ఐదేళ్ళు ఆయనే తయారు చేశారు. ఫుట్‌బాల్‌లో ఇలాంటి వాళ్ళకోసం ఫిఫా ఒక పద్ధతి పెట్టింది. ఆటగాడు పెద్ద క్లబ్బుకి అమ్ముడైతే, 12 నుంచి 23 ఏళ్ళ మధ్య అతన్ని పెంచిన క్లబ్బులకి ఆ ట్రాన్స్‌ఫర్ సొమ్ములో 5 శాతం వాటా పంచాలి. మన పల్లె కబడ్డీలో మాస్టారికి వచ్చేది పండక్కి ఒక ఫోన్ కాల్.

మన దగ్గర ఆటగాడు జట్టు మారితే వినిపించే మొదటి మాట ‘ద్రోహం’. కాకినాడలో పుట్టిన హనుమ విహారి కథ గుర్తుందా? 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగితే, కుడిచేతి ఆటగాడు ఆంధ్ర కోసం ఎడమచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఏడాది తిరిగేసరికి, తనని కెప్టెన్సీ వదులుకోమన్నారనీ, ఆత్మాభిమానం దెబ్బతిందనీ, ఇక ఆంధ్రకి ఆడననీ అతనే బహిరంగంగా రాశాడు. సంఘం వాదన వేరు. ఎన్‌ఓసీ, చర్చలు, మళ్ళీ ఆంధ్రకే ఒక సీజన్. చివరికి 2025లో త్రిపురకి వెళ్ళిపోయాడు. ఎడమచేత్తో ఆడినప్పుడు విశ్వాసపాత్రుడు, వెళ్ళిపోతానన్నప్పుడు ద్రోహి. మనిషి మాత్రం ఒక్కడే.

నేను చేసే పనిలో మూడేళ్ళకోసారి కంపెనీ మారడం మామూలు. నోటీస్ పీరియడ్, రిలీవింగ్ లెటర్, చిన్న కేకు, బై. నన్నెవరూ ద్రోహి అనలేదు, పైగా హైక్ ఎంత అని అడిగారు. ఎన్‌ఓసీ అంటే ఆటగాడి రిలీవింగ్ లెటర్. తేడా ఏంటంటే, నాకు నలభై ఏళ్ళ కెరీర్ ఉందని ఆశ. రైడర్‌కి పదేళ్ళు ఉంటే గొప్ప.

పదేళ్ళలో కూడా రేటు ఎలా ఊగుతుందో ప్రో కబడ్డీ వేలం చూస్తే తెలుస్తుంది. పవన్ సెహ్రావత్‌ని 2023 వేలంలో తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొంది. తర్వాతి వేలంలో 1 కోటి 72 లక్షల 50 వేలు. 2025లో తమిళ్ తలైవాస్ కొన్నది 59 లక్షల 50 వేలకి. అంత పెద్ద ఆటగాడికే రెండేళ్ళలో రేటు నాలుగో వంతుకి దగ్గరైంది. ఏ సాఫ్ట్‌వేర్ మార్కెట్టూ ఇంత వేగంగా పడిపోదు.

అసలు ఈ గోదారి గట్టుకి ట్రాన్స్‌ఫర్లు కొత్త కాదు. శ్రీనాథుడు కొండవీటి రెడ్ల దగ్గర విద్యాధికారిగా వెలిగి, ఆ తర్వాత ఎదుటి గట్టుకే, రాజమహేంద్రవరం రెడ్ల ఆస్థానానికే వచ్చాడు. కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. కవికి రాజు మారితే మనం తప్పు పట్టలేదు, కనకాభిషేకం చేశారని మురిసిపోయాం. కానీ చివరి రోజుల్లో అదే కవి పన్ను కట్టలేక అవస్థ పడ్డాడని కథలు చెబుతాయి. వెళ్ళే స్వేచ్ఛ ఉంది, మంచి రోజుల్లో డబ్బుంది. చెడ్డ రోజులకి మాత్రం ఏ ఏర్పాటూ లేదు. ఆరు వందల ఏళ్ళ తర్వాత కొవ్వూరు కుర్రాడి పీడీఎఫ్‌లో లేనిది కూడా అదే.

ఐదు ప్రశ్నలు

ఆ రాత్రి మా ఫ్రెండ్ వాళ్ళింటి అరుగు మీద కుర్రాడు, వాళ్ళ నాన్న, మాస్టారు, నేను కూర్చుని ఒక మెయిల్ రాశాం. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. అడిగి వెళ్దామన్నాం. మీ తమ్ముడికో చెల్లికో ఇలాంటి ఆఫర్ వస్తే పనికొస్తుందని ఆ ప్రశ్నలు ఇక్కడ ఇస్తున్నాను.

1. ఫీజు మినహాయింపు మొత్తం కోర్సుకా, ఏడాదికోసారి కొత్తగా ఇస్తారా? ‘ప్రదర్శన’ అని దేన్ని అంటారు, ఎవరు తేలుస్తారు?

2. ఆటలోనే దెబ్బ తగిలితే ఆపరేషన్, ఫిజియో ఖర్చు ఎవరిది? ఆడలేని ఏడాది ఫీజు, హాస్టల్ ఉంటాయా?

3. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి? మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన మినహాయింపు తిరిగి కట్టమంటారా?

4. రెండో ఏడాది మధ్యలో మారితే ఇక్కడ చదివిన సెమిస్టర్లు లెక్కలోకి వస్తాయా? మారిన ఏడాదే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడనిస్తారా? ఫారం-3 కోసం వెళ్తూ ఫారం-3 పోగొట్టుకోకూడదు కదా.

5. యూనివర్సిటీ తన ఫొటో ప్రకటనల్లో వాడుకుంటే దానికి విడిగా ఏమైనా ఇస్తారా?

ఐదోది చదివి మాస్టారు నవ్వారు. "ఇది ఎక్కువైందేమోనండి" అన్నారు. కుర్రాడు ఒప్పుకోలేదు. "హోర్డింగ్ మీద నా మొహం ఏత్తే అడగొద్దా సార్?" అన్నాడు. అమెరికాలో ఈ ఒక్క ప్రశ్న మీద ఏళ్ళ తరబడి కేసులు నడిచాయని అతనికి అప్పటికి తెలీదు. తనంతట తనే అక్కడికి వచ్చాడు.

వాళ్ళ నాన్న మాత్రం రెండో ప్రశ్న దగ్గరే ఉన్నారు. "అయ్యన్నీ సరే గానీ, ఆ మోకాలి సంగతి పైన రాయండి బాబూ, ముందు అదే కనపడాలి" అన్నారు. రెండో ప్రశ్నని మొదటికి మార్చి పంపాం.

నేను ఈ వ్యాసం రాసే నాటికి యూనివర్సిటీ నుంచి జవాబు వచ్చింది. సర్టిఫికెట్లు విద్యార్థి దగ్గరే ఉంటాయన్నారు. సెమిస్టర్ల సంగతి చూస్తామన్నారు. ఫొటో గురించి మాట లేదు. మోకాలి గురించి కోచ్ ఫోన్‌లో ‘అదంతా మేం చూసుకుంటాం’ అన్నారట. కుర్రాడు, "ఆ మాటే మెయిల్‌లో పెట్టండి సార్" అన్నాడట. ఆ మెయిల్ కోసం ఇంకా చూస్తున్నారు. ఈలోగా సాయంత్రాలు మట్టి కోర్టులోనే ఆడుతున్నాడు, నన్నయ యూనివర్సిటీ సెలక్షన్స్‌కి కూడా పేరిచ్చాడు.

మీరూ వెళ్ళాలనుకుంటే

మీ రైలు కొవ్వూరులో ఆగకపోతే రాజమండ్రిలో దిగి, రోడ్ కం రైల్ బ్రిడ్జి మీదుగా బస్సో ఆటోనో ఎక్కండి. ఎండాకాలం మధ్యాహ్నాలు వద్దు. సంక్రాంతి రోజుల్లో వెళ్తే గట్టు, గుడి చూసుకుని, సాయంత్రం మైకు ఎటువైపు వినిపిస్తే అటు నడవండి. ఏదో ఒక ఊళ్ళో ఆట నడుస్తూ ఉంటుంది. టికెట్ ఉండదు. పాంప్లెట్ దొరికితే అడుగున ఉన్న నియమాలు మాత్రం తప్పకుండా చదవండి.